ఐర్లండు మేళము – రేనాటి పాట

తాను పుట్టిన గడ్డపై పుట్టని పాటను, తనకు అలవడని యాసలో ఎవరో పాడిన పాటను, ఒక మనుష్యుడు ముప్పది యేండ్లకు పైబడి ఇలవేలుపువలె కొలుచుచుండుట సహృదయతకు గుర్తా, లేక స్వస్థలమందలి పాటను మరచుటకు వెదకుకొన్న సాకా అను వివాదము మా యెరుకలోని ఒక మేనమామకును మేనల్లునికిని నడుమ చాలకాలముగా నలుగుచున్నది. మేనల్లుడు నంద్యాలలో కాపురమున్నవాడు, ఏబది దాటినవాడు. చదువు నిమిత్తము బెంగుళూరులో ఉన్న దినములలో మిత్రుడొకడు చేతిలో పెట్టిన కాసెట్టువలన 'ది పోగ్స్' అను లండను మేళముతో పరిచయ మేర్పడి, కాసెట్లు పోయి, సీడీలు వచ్చి పోయి, పాటలన్నియు సెల్‌ఫోనులోనికి చేరిన ఈనాటివరకు ఆ భక్తి సడలనివాడు. మేనమామ ఆళ్లగడ్డ చుట్టుపట్ల పల్లెలలో చెక్కభజన నేర్పిన గురువు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటను, కరవులో వేలమందికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి పాటను పెద్దలవలన విని నోటికి తెచ్చుకొన్నవాడు. ఇరువురును పాటను ప్రాణముగా ఎంచువారే యగుటచేత వారి వాదమున పంతముకంటె వేదన హెచ్చు. నంద్యాలనుండి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు పోవు దారిలో, ఎడమవైపున నల్లమల కొండలు వెంటవచ్చుచుండగా, వారు కారులో మాటాడుకొన్న మాటలను ఇచట వ్రాయుచున్నాను.

మామ: నాయనా, ఆ పాట కొంచెము తగ్గించు. శిరివెళ్ల వచ్చువరకు ఓర్చుకొంటిని. పాడువాని గొంతు బొంగురు. మాటలు పండ్లసందున నలిగి బయటపడుచున్నవి. వాయించువారు తాళమునకు ఊపిరి తీసికొను వ్యవధియైన ఈయక తరుముచున్నారు. ఇందులో నీకు ఇన్నేండ్లుగా దొరకిన దేమి?

అల్లుడు: మామా, మీరు విన్నది మొదట పల్లెపాటయే. 1970 దశకపు చివర ఇంగ్లండులో, పనులు దొరకని యువకులు, విద్వత్తు మాకు అక్కరలేదు, కోపమొకటి చాలునని గిటారులు పట్టి వాయించిన రాక్ సంగీతమునకు పంక్ అని పేరు. ఆ సంగీతమున పెరిగిన కొందరు, 1982లో లండనునందు కింగ్స్ క్రాస్ పేటలో కూడి, ఆ కోపమును తీసికొనివచ్చి ఐర్లండు తాతల పాటలలో పోసిరి. వారి నాయకుడు షేన్ మెక్‌గావన్. 1957 క్రిస్మసు దినమున ఇంగ్లండులో ఐరిష్ దంపతులకు పుట్టి, పసితనమున ఐర్లండునందలి టిప్పరరీ సీమలో తల్లివైపు వారి యింట పాటల నడుమ పెరిగి, పిదప లండను వీథులలో పరాయివాడై తిరిగినవాడు. జెమ్ ఫైనర్ బాంజో, జేమ్స్ ఫియర్న్‌లీ అకార్డియన్, స్పైడర్ స్టేసీ చిన్న రేకు పిల్లనగ్రోవి. డోలు వాయించు ఆండ్రూ రాంకెన్ తొలినాళ్లలో కుర్చీయైన లేక నిలుచుండి మోదెడివాడు. స్టేసీ యొక్కొకప్పుడు పళ్ళెరముతో తన తలను తానే మోదుకొని తాళము వేసెడివాడు. దీనిని చూచియే లోకము సెల్టిక్ పంక్ అని పేరిడినది. 1984లో వారి తొలి ఆల్బము, 1985లో ఎల్విస్ కోస్టెల్లో ఆధ్వర్యమున రెండవది, 1988లో మూడవది వెలువడినవి. ఆ మూడింటిలోనే నా యౌవనమంతయు ఉన్నది.

మామ: తలను మోదుకొన్నంతమాత్రమున తాళము పుట్టదు. తాతల పాటను తాతలు పాడినట్లు పాడుటకు ఓర్పు లేనివాడు, దానిని రెట్టింపు వడితో పాడి, కొత్తప్రాణము పోసితినని చెప్పుకొనును. చెక్కభజనలో కుర్రవాడు అడుగు సరిగా వేయుటకే నెలలు పట్టును. గురువు ఎదుట నిలుచుండి, చేతిలో చెక్కలు కాలి అడుగుతో కలిసి పలుకువరకు దిద్దుకొని దిద్దుకొని, అప్పుడుగాని వాడు గజ్జె కట్టరాదు. ఆ క్రమము తప్పినందువలన ఏమి జరుగుచున్నదో నీకు తెలియును. నేడు ఎన్నో భజన బృందములు సినిమా వరుసలలో రామనామము పాడుచున్నవి. ప్రక్కన కీబోర్డు పెట్టుకొనుచున్నవి. వినుచు నేను పడు క్షోభ ఎవరికి చెప్పుకొందును?

అల్లుడు: ఐర్లండులోను సంప్రదాయజ్ఞులు కొందరు ఇట్లే క్షోభపడిరి. మా దేశపు సంగీతమును వీరు చెరచుచున్నారని బహిరంగముగానే పలికిరి. కాని 1962 నాటినుండి ఆ దేశపు జానపదగానమునకు పెద్దదిక్కుగా ఉన్న డబ్లినర్స్ బృందమువారు 1987లో ఈ మేళముతో ఒకే వేదికపై నిలిచి 'ది ఐరిష్ రోవర్' అను పాత పాటను పాడిరి. పెద్దలు చిన్నవారిని అంగీకరించిన ఘట్టమది. మరియొక భేదము చూడుడు, మామా. భజనలో సినిమా వరుస చొచ్చినప్పుడు మాట నిలిచి వరుస పోయినది. పోగ్స్ పాడునప్పుడు మాటయు నిలిచినది, వరుసయు నిలిచినది. వాయించు చేతిలోని ఆవేశము మాత్రము మారినది.

ఈ భేదమును మామ వెంటనే కాదనలేదు. కొంతసేపు ఊరకుండెను. పిదప పలికిన మాటలు నన్నును ఆలోచింపజేసినవి. ఏలనన అవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

మామ: సరే, వరుస నిలిచినది, మాట నిలిచినది. కాని అవి ఎవరివి? 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి ధారపోసిన పిదప దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో స్కాట్లండువాడు, గ్లాస్గోలో పుట్టినవాడు. ఆయన మంచితనమును మన పెద్దలు చెప్పుకొన్నారు, నేనును కాదనను. ఐనను పాళెగాండ్ర కోటలు పడగొట్టి, వారి యధికారము లాగికొని, పింఛనులు చేతిలో పెట్టిన ఏర్పాటు ఆయన కాలముననే జరిగినది. నొస్సం పాళెగాని వంశమునకు దౌహిత్రుడైన నరసింహారెడ్డికి తుదకు మిగిలినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దానిని కూడ తాసిల్దారు చేయి చూచి పుచ్చుకొనవలసిన దుర్గతి పట్టినది. ఇక కుంపిణీ పటాలములలోని తెల్లసిపాయిలలో ఐర్లండువారు కొల్లలు. నీవు సెల్టిక్ అని మురియుచున్న జాతులే మన మెడపై కాలుమోపిన దండులో నడిచినవి. వారి పాట విని నీ కంట నీరేల రావలెను?

అల్లుడు: ఆ ప్రశ్న నేనును నన్ను అడుగుకొంటిని, మామా. ఆ పాటలే నాకు సమాధానము వెదకిపెట్టినవి. వారి పాటలలో సగము దేశము విడిచిపోవువారి పాటలు. ఏల పోయిరని చదువగా, 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు తగిలి, ఏడేండ్లపాటు సాగిన మహాక్షామము కనబడినది. పది లక్షలమంది ఆకలిచేతను రోగముచేతను మరణించిరి; మరి పది లక్షలకు పైగా ఓడలెక్కి పోయిరి. ప్రజలు చచ్చుచుండగనే ధాన్యము ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెను. ఆ యేండ్లన్నింటిలో ఘోరమైన 1847ను వారు నేటికిని నల్లసంవత్సరమని తలచుకొందురు. అదే 1847 ఫిబ్రవరి 22వ తేదీన, మనకు ఇచటికి పడమర ఆమడల దూరములోని కోవెలకుంట్లలో, వేలాది జనుల కన్నులయెదుట నరసింహారెడ్డిని ఉరితీసిరి. ఒకే సంవత్సరము, ఒకే సింహాసనము. ఆకలికి తాళలేక పటాలములో చేరిన ఐరిష్‌వాడు మన మెడపై నిలిచెననుట సత్యమే. వాని మెడపై ఎవరు నిలిచిరో కూడ మనము చూడవలెను. 1920లో పంజాబునందలి జలంధరులోను, సిమ్లా కొండలవద్ద సోలనులోను ఉన్న కన్నాట్ రేంజర్స్ పటాలపు ఐరిష్ సిపాయిలు, తమ దేశమున ఇంగ్లీషు సేనలు సాగించుచున్న దౌర్జన్యమును సహింపక ఆయుధములు క్రింద పెట్టిరి. వారిలో జేమ్స్ డేలీ అను యువకుని ఆ నవంబరు 2న దగ్షాయి చెరసాలలో కాల్చి చంపిరి. ఆ రక్తము మన నేలమీదనే చిందినది.

మామ: ఈ డేలీ మాట నేను వినలేదు.

అల్లుడు: మన రాయలసీమలోనే మరియొకటి కలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి, అచటి థియొసాఫికల్ కళాశాలలో జనగణమన పాడినప్పుడు, ఆ గీతమునకు స్వరలిపి వ్రాసి పెట్టినది మార్గరెట్ కజిన్స్ అను ఐరిష్ వనిత. సంగీతమున పట్టము పొందినది. కళాశాలాధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ భార్య. మన తెలుగువాడు వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రము చదువబోయి డబ్లిన్‌లో ఉండి, ఆ దేశపు స్వాతంత్ర్యపోరాటపు వేడి తగిలించుకొని 1916లో మరలివచ్చెను. ఆ దేశమునకును మనకును పాటలో రాకపోకలు ఇట్టివి ఉన్నవి. నేను విన్నది పరాయిపాటయని నాకెన్నడును తోచలేదు.

మామ: చక్కగా చెప్పితివి. ఆ తల్లి సముద్రములు దాటి వచ్చి మన పాటకు వరుస వ్రాసి పెట్టినది. నీవు ఇల్లు కదలక నంద్యాలలో ఉండి మన పాటకు ఏమి చేసితివి?

అల్లుడు సమాధానము చెప్పుటకు చాలసేపు పట్టినది. కారు పొలముల నడుమ పోవుచుండెను. ఇది వట్టి ఎత్తిపొడుపు కాదని, బంధుత్వమువలన కలిగిన అధికారముతో అడిగిన బాకీ యని అతనికి తెలియును. నా అభిప్రాయమున ఈ వాదమంతటికిని ఆయువుపట్టు ఈ ప్రశ్నయే.

అల్లుడు: చేయవలసినంత చేయలేదు. కాని ఆ మేళమును వినకున్న, మీ పాటలో ఏమున్నదో నేను ఎరుగకయే ఉందును; ఇది మీరు నమ్మవలెను. చిన్ననాడు శ్రీరామనవమికి మీ వెంట తిరుగునప్పుడు నరసింహారెడ్డి పాట నాకు గజ్జెల చప్పుడు, అంతే. పిదప బెంగుళూరులో పోగ్స్ పాట యొకటి వింటిని. 1974 నవంబరు 21న బర్మింగ్‌హాం నగరమున రెండు మద్యశాలలలో బాంబులు ప్రేలి 21 మంది చనిపోయిరి. ఆ ఘోరము చేసినది వీరేయని ఆరుగురు ఐరిష్ వారిని పట్టుకొని, కొట్టి ఒప్పుకోలు వ్రాయించి, 1975లో యావజ్జీవము వేసిరి. వారు నిరపరాధులని ఈ మేళము 1988లో పాట కట్టి పాడగా, ఆ పాటను ప్రసారము చేయరాదని బ్రిటిష్ ప్రసారసాధనములను నియంత్రించు సంస్థ నిషేధించినది. న్యాయస్థానము దోషులన్నది, పత్రికలు చాలవరకు దోషులన్నవి, పాట కాదన్నది. 1991 మార్చి 14న అప్పీలు కోర్టు ఆ ఆరుగురిని విడిచిపెట్టినది. పదునారేండ్ల చెర తరువాత పాటయే నిజమని తేలినది. ఆ వార్త పత్రికలో చదివిన రాత్రి నాకు మీ పాట జ్ఞప్తికి వచ్చినది, మామా. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానాపై పడిన నరసింహారెడ్డిని కుంపిణీ కాగితములు బందిపోటుగా వ్రాసికొన్నవి. అతని వెంట నడిచిన వడ్డె ఓబన్నకు ఆ కాగితములలో దక్కిన గౌరవమేమి? ఆ యక్టోబరులో నరసింహారెడ్డిని పేరుసోమల కొండలలో పట్టుకొని, విచారణ యను తంతు జరిపి, ఉరితీసి, తలను కోటగుమ్మమున వ్రేలాడదీసి, 1877 వరకు దించకుండిరని చెప్పుదురు. ముప్పది యేండ్లు ఆ తల క్రిందుగా నడచిపోయిన ప్రజలకు కాగితములు చదువరాదు. వారికి ఉన్న న్యాయస్థానము పాటయొక్కటే. వారు అందులో మరల విచారణ జరిపి అతనిని నిర్దోషియని తేల్చిరి. ఈ సంగతి నాకు తెలిపినది లండను మేళము.

మామ: పాటకు ఆ బలము కలదని నేను పసితనమునుండి ఎరుగుదును. ఎవరును నాకు లండనునుండి వచ్చి చెప్పనక్కరలేకపోయినది. నీకు చెప్పవలసివచ్చినదనిన అది నీ చదువు చేసిన అపచారము, నీ తప్పు కాదు. సరే. కాని ఆ పాట పాడినవాని నడత మాట యేమి? త్రాగి త్రాగి పండ్లు రాలి, వేదికపై నిలువలేక పడిపోయినవాని పటమును నీ గదిలో గోడకు తగిలించితివి. 1992లో నెల్లూరుసీమ దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించి రాష్ట్రమంతటికి దారిచూపినారు. ఎన్ని సంసారములు ఆ సారాలో కరగినవో నీకును తెలియును, మన యింటిలోను చూచితివి. అట్టి నీవు త్రాగుబోతునకు భక్తుడవైతివి.

అల్లుడు: ఆ త్రాగుడును నేను ఎన్నడును పొగడలేదు. దానిని వీరలక్షణముగా చెప్పుకొను అభిమానులు లోకమున చాలమంది కలరు; వారితో నాకు పొత్తు కుదరదు. 1991లో జపానునందు సంచారము చేయుచుండగా ఆ మేళమువారే, కలిసి పెరిగిన స్నేహితులే, ఇక నీతో సాగలేమని అతనిని తొలగించిరి. ఆ సంగతి తలచిన నాకు నేటికిని మనసు కలగును. 1985లో అతని గొంతును, పదియేండ్ల తరువాతి గొంతును ఒకదాని వెంట ఒకటి విన్నవానికి మద్యమును గూర్చి వేరొకరు ఉపన్యసింప నవసరము లేదు. ఆ పటము గోడమీద ఉన్నది నిజమే. చెడిన మనిషి పటమని తెలిసియే పెట్టుకొంటిని. ఆ మనిషి చెడుటకు ముందు, చెడుచు ఉండగను, వలసపోయిన కూలివాని ఒంటరితనమును అంత మర్యాదతో పాడినవాడు మరియొకడు నాకు కనబడలేదు. 1987 క్రిస్మసుకు కిర్‌స్టీ మెక్‌కాల్‌తో కలిసి అతడు పాడిన న్యూయార్కు పాట, కలలు చెదరిన యిద్దరు దరిద్రులు పండుగనాడు ఒకరినొకరు నిందించుకొనుచు ప్రేమించుకొను పాట. ఆ పాటను విని కన్నీరు పెట్టుకొన్నవారు దేశదేశముల కలరు. 2023 నవంబరు 30న అతడు డబ్లిన్‌లో మరణించెను. డిసెంబరు 8న టిప్పరరీలోని నీనా పట్టణపు చర్చిలో అంత్యప్రార్థన జరుగుచుండగా ఆ పాటనే పాడిరి. చర్చిలోనే జనులు లేచి నాట్యమాడిరి.

మామ: పీనుగు ఎదుట నాట్యమా?

అల్లుడు: మన సీమలో పెద్దవారు పోయినప్పుడు పలకలు మ్రోగించి, భజన చేయుచు, అడుగులు వేయుచు సాగనంపమా? మా తాతగారిని మీరే కదా చెక్కలు పట్టి శ్మశానమువరకు కొనిపోతిరి.

మామ: ఔను. కొనిపోతిని. ఆ దినమున నా చెక్కలు పలికినట్లు మరెన్నడును పలుకలేదు. ఇక ఆ సంగతిని ఆక్షేపింపను. కాని నీ భక్తికి మరియొక లోపమున్నది. నీవు ఆ మేళమును కన్నులార చూచినవాడవు కావు. పాట యనగా పదిమంది నడుమ పుట్టునది. చెక్కభజన చుట్టును ఊరు నిలుచుండును. చూచువాడు కాసేపటికి తానును వంత పాడును. గురువు ఎవరు, ఊరివాడెవరు అని తెలియకపోవును. సెల్‌ఫోనునుండి చెవిలోనికి పోయిన పాట పాటయెట్లగును?

అల్లుడు: పోగ్స్‌ను చూడలేదు, ఆ కొరత నాకు తీరదు. కాని మా వాడు ఉద్యోగము చేయు బోస్టనునకు పోయినప్పుడు డ్రాప్‌కిక్ మర్ఫీస్ కచేరికి వెళ్లితిని. పోగ్స్ వేసిన దారిలో నడిచిన మేళమది. 1996లో బోస్టను ప్రక్కనున్న క్విన్సీలో పుట్టినది. ఆ ఊరు క్షామకాలమున ఓడలలో వచ్చిపడినవారి సంతతితో నిండినది. మార్చి 17న సెయింట్ పాట్రిక్ పండుగ దినములలో యేటేట వారు సొంతయూర పాడుట ఆనవాయితీ. వేదికమీది పాట మొదటి చరణము ముగియకమున్నే సభయంతయు అందుకొనెను. కష్టపడి పనిచేయువారు, తండ్రులు, వారి భుజములెక్కిన బిడ్డలు, అందరును పాడిరి. నాకు ఎవరును తెలియదు. ఐనను చేయి పట్టుకొని లోనికి లాగికొనిరి. అచట నాకు జ్ఞప్తికి వచ్చినది మీ భజన చుట్టును నిలిచిన ఊరే. వారి పాటలలో మిక్కిలి ప్రసిద్ధమైనదానికి మాటలు వుడీ గథ్రీవి. పేదల పక్షమున పాడిన ఆ మహాగాయకుడు 1967లోనే పోయెను. కాలు పోయిన నావికుని గూర్చి ఆయన గిలికి, వరుస కట్టక విడిచిన కాగితము ఆయన పత్రములలో ఉండిపోయినది. కుమార్తె నోరా ఆ పత్రములను కాపాడి, పాడగలవారికి ఇచ్చినది. వీరు వరుస కట్టి పాడి, 2005లో తమ ఆల్బములో పెట్టగా, మరుసటి యేడు స్కోర్సేసీ చలనచిత్రము ద్వారా అది లోకమంతటికి ప్రాకినది. చనిపోయినవాని మాట దాదాపు నలుబది యేండ్లకు నోరు దొరకించుకొన్నది.

మామ: అక్కడ మాట మిగిలినది, వరుస కట్టుకొనిరి. మనకు రానున్నది దానికి తలక్రిందైన కష్టము. తంగిరాల వెంకట సుబ్బారావుగారు 'రేనాటి సూర్యచంద్రులు' అను గ్రంథమున నరసింహారెడ్డి పాటను, వెంగళరెడ్డి పాటను భద్రపరచి ఈ సీమకు గొప్ప మేలు చేసిరి. మాటలకు భయము లేదు. కాని వరుస? ఎచట సాగదీయవలెను, ఎచట తెగవేయవలెను, ఏ మాటవద్ద చెక్క నిలిపి అడుగు వేయవలెను, అది అచ్చులోనికి రాదు. 2019లో సినిమా వచ్చినప్పుడు నరసింహారెడ్డి పేరు దేశమంతయు విన్నది, సంతోషించితిని. కాని నా యొద్దకు వచ్చి, ఆ వరుస ఎట్లున్నది, ఒకమారు పాడి వినిపించుమని అడిగిన కుర్రవాడు లేడు. నా తరువాత ఈ వరుస ఎవరి నోట నిలుచును?

అల్లుడు: నాతో పాడుడు, మామా. నేర్చుకొందును. నంద్యాల కళాశాలలలో గిటారు పట్టిన పిల్లలు కలరు. వారికిని వినిపింతును. వారు తమ డోళ్లతో, తమ కోపముతో పాడినచో నాకు అంతకంటె కావలసినదేమి?

మామ: అది మాత్రము నేను ఒప్పుకొనను. మొదట ఉన్నది ఉన్నట్లు నేర్వవలెను. అడుగు తెలియనివాడు అడుగు మార్చరాదు. నేర్చిన పిదప వారు ఏమి చేసినను చేయనిమ్ము. అప్పుడు నన్ను అడుగనక్కరలేదు. నేర్వక మునుపే గిటారు తెచ్చినచో నేను చెక్కలు క్రింద పెట్టుదును.

అల్లుడు: పోగ్స్ వాయించువారిలో చాలమంది నేర్చియే వాయించలేదు, మామా. వాయించుచు నేర్చిరి.

మామ: వారి పాటను నేర్చినవారు ఊరూర మిగిలియుండిరి గనుక వారికి అది చెల్లినది. తప్పు పాడినచో ఇది తప్పని చెప్పుటకు పెద్దలుండిరి. మనకు ఆ పెద్దలు ఎందరున్నారో లెక్కపెట్టి చూడు. అప్పుడు తొందరపడుము.

ఆళ్లగడ్డ వచ్చువరకు ఈ విషయమున వారికి సమాధానము కుదరలేదు. కుదరవలసిన పనియు లేదు. పాట జీవించుటకు క్రమము ముఖ్యమా ఆవేశము ముఖ్యమా యను వాదము లండనులోను డబ్లిన్‌లోను నలుబది యేండ్లుగా తెగలేదు. మన చెక్కభజన గుంపులలోను తెగదు. నా మట్టుకు, దూరదేశపు మేళముపై ముప్పది యేండ్లు భక్తి నిలుపుకొన్న అల్లుని మనసు స్వస్థలమునకు దూరమైనదని నేను తలపను. ఆ వినికిడియే అతనిని కోవెలకుంట్ల గుమ్మమువరకు నడిపినది. అట్లని మామ అడిగిన బాకీ తీరినదని కూడ చెప్పజాలను. ఈ రెండవ విషయమున నేను మామ పక్షమువాడను. కాలము తక్కువగా ఉన్నది. వరుస నేర్చిన నోళ్లు మూతపడిన పిదప వచ్చు ఆవేశమునకు ఆధారముండదు.

కావున నంద్యాల, ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల ప్రాంతముల పాఠకులకు నా విన్నపము. మీ యింట గాని, మీ వీథిలో గాని, నరసింహారెడ్డి పాటయో వెంగళరెడ్డి పాటయో వచ్చిన వృద్ధులున్నచో, రాబోవు పండుగకే వారిని కూర్చుండబెట్టి, మొదటినుండి చివరివరకు పాడించి, చెక్కల తాళముతో సహా మీ సెల్‌ఫోనులో రికార్డు చేయుడు. మాటలు మరచిన చోట ఆపక, రాగమునైన తీయుమని అడుగుడు. పాడినవారి పేరు, ఊరు, వారు ఎవరియొద్ద నేర్చిరో ఆ పేరును, తేదీతో సహా వ్రాసి పాట ప్రక్కన ఉంచుడు.